చూస్తే తెలియదా, డ్రాగనే కదా!

పర్లాకిమిడిలో గాని, గుణుపురంలో గాని, బరంపురంలో గాని ఒక కుర్రాడు వింత జీవుల్ని యుద్ధానికి దింపే పోకీమాన్ అనే వీడియో గేమ్ ఆడుతూ కనిపిస్తే చాలు, వాడి భుజం మీదుగా తొంగిచూసే బావలు, బాబాయిలు, ట్యూషన్ మాస్టార్లు ముక్తకంఠంతో ఇచ్చే సలహా ఒకటుంది: "చూస్తే తెలియదా, అది డ్రాగన్!" ఈ సలహాకి ఇంతవరకు ఎన్ని నిండు ప్రాణాలు బలయ్యాయో లెక్క రాసే శాఖ ఏదీ లేదు. అందుచేత ఆ బాధ్యతను ఈ వ్యాసం నెత్తికెత్తుకుంటోంది.

ఈ ఆటలో ప్రతి జీవికీ ఫైర్, వాటర్, డ్రాగన్ లాంటి టైపు ఒకటో రెండో రాసి ఉంటాయి; ఏ టైపు దెబ్బ ఏ టైపు మీద ఎన్నింతలవుతుందో చెప్పే పట్టిక ఒకటుంది. ఇంతకీ ఎదురుగా ఉన్నది చారిజార్డ్ అనే జీవి. తోక ఉంది, రెక్కలున్నాయి, నోట్లోంచి మంట వస్తుంది. బాబాయి తీర్పు ఇచ్చేశాడు. డ్రాగన్‌కి ఐస్ పడదని ఎక్కడో విన్న కుర్రాడు ఐస్ బీమ్ అనే ఐస్ టైపు దెబ్బ నొక్కాడు. పవర్ 90. ఐస్ దెబ్బ డ్రాగన్ మీద రెండింతలవుతుందన్న మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. కాకపోతే చారిజార్డ్ డ్రాగన్ కాదు. రికార్డులో రాసి ఉన్నది ఫైర్, ఫ్లయింగ్. ఐస్ ఫైర్ మీద సగం, ఫ్లయింగ్ మీద రెండింతలు. రెండూ గుణిస్తే ఒకటి. తొంభై తొంభైగానే తగిలింది. ఆ పక్క గడిలోనే రాక్ స్లైడ్ అనే రాక్ టైపు దెబ్బ ఖాళీగా కూర్చుని ఉంది. దాని పవర్ 75 మాత్రమే గాని, రాక్ ఫైర్ మీద రెండింతలు, ఫ్లయింగ్ మీద మళ్ళీ రెండింతలు, మొత్తం నాలుగింతలు. అంటే 300. కొట్టేది కూడా రాక్ టైపే అయితే సొంత టైప్ దెబ్బ ఒకటిన్నర రెట్లయి 450. పదిసార్లలో ఒకసారి గురి తప్పుతుంది, అది ఒప్పుకోవాల్సిందే. అయినా తొంభైకీ నాలుగువందల యాభైకీ మధ్య ఉన్న ఆ దూరమంతా బాబాయిగారి చూపు ఖరీదు.

చూపు మీద ఇంత నమ్మకం ఉన్నవాళ్ళకి సుడోవూడోని చూపించాలి. చెట్టులా ఉంటుంది, కొమ్మలుంటాయి, కొమ్మల చివర పచ్చగా గుండ్లుంటాయి. టైప్ రాక్. నీళ్ళు పోస్తే చిగురించదు, రెండింతల దెబ్బ తింటుంది. ఆల్టేరియా చూడటానికి దూది మూటలోంచి తల బయటపెట్టిన పిట్ట. అది మాత్రం డ్రాగన్!

ఇక "అంతా ప్రకృతి శాస్త్రమే, నీళ్ళు నిప్పును ఆర్పుతాయి, నిప్పు గడ్డిని కాలుస్తుంది" అని వివరించే వర్గం ఒకటుంది. ఆ మూడింటి దాకా వాళ్ళ శాస్త్రం బ్రహ్మాండంగా నడుస్తుంది. పురుగు టైపు చీకటి టైపుని ఎందుకు గెలుస్తుందో, దెయ్యం టైపు మామూలు జంతువుని ఎందుకు ముట్టుకోలేదో అడిగితే వాళ్ళకి ఫోన్ వస్తుంది. 1996లో మొదటి ఆట వచ్చినప్పుడు టైపులు 15. సైకిక్, అంటే మనోశక్తి టైపువాళ్ళు దెయ్యాలకీ పురుగులకీ మాత్రమే భయపడతారని ఆ ఆటలోనే, శాఫ్రన్ జిమ్ అనే పోటీశాలలో, ఒక పాత్ర గంభీరంగా చెబుతుంది. లోపలి లెక్కలో మాత్రం సైకిక్ మీద దెయ్యం దెబ్బ సున్నా. చెప్పేది ఒకటి, రాసింది ఒకటి. తర్వాతి తరం ఆటల్లో దాన్ని దిద్ది, డార్క్, స్టీల్ చేర్చారు. 2013లో ఫెయిరీ వచ్చి మొత్తం 18 అయ్యాయి. ఇందులో ప్రకృతి చేసిందేమీ లేదు. పట్టిక రాసినవాళ్ళు రాశారు, నచ్చనప్పుడు దిద్దారు.

కాబట్టి చారిజార్డ్‌కి న్యాయం జరగాలంటే వెళ్ళాల్సిన చోటు జిమ్ కాదు, తహసీల్ ఆఫీసు. సరిహద్దు జిల్లాలో ఏదో ఒకటి అనుకుందాం. సోమవారం, పదకొండున్నర, ఫ్యాను తిరగడం లేదు.

"ఏటి బాబూ, ఏటి గావాల?"

"డ్రాగన్ సర్టిఫికెట్ సార్."

గుమస్తాగారు రిజిస్టరు తిప్పారు. "నీకు ఫైర్ ఇచ్చినారు, ఫ్లయింగ్ ఇచ్చినారు. ఫారంలో రెండే గళ్ళు. మూడోది నా నుదుటి మీద రాయమంటావా?"

"ఎవరు ఎవరితో జతకట్టొచ్చో రాసే గుడ్ల రిజిస్టర్లో మాది డ్రాగన్ గ్రూపేనండి. మా తాతలంతా అదే."

"గుడ్డు ఏరు, టైపు ఏరు. ఆ కాయితం ఈ ఆఫీసులో సెల్లదు."

చారిజార్డ్ గొంతు తగ్గించింది. "2013 నుంచి మెగా రాళ్ళలో ఒకటి పట్టుకుంటే యుద్ధంలో రూపం మార్చి ఫైర్, డ్రాగన్ అని రాస్తున్నారట కదండీ."

"రాస్తన్నారు. యుద్ధం అయిందాకే. బయటికొస్తే మళ్ళీ పాతదే. అదీ జట్టుకి ఒక్కరికే." గుమస్తాగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంకోటి ఇనుకో. డ్రాగన్ రాస్తే ఫ్లయింగ్ కొట్టేస్తాం. ఇప్పుడు నీకు ఎర్త్‌క్వేక్ తగల్దు. రేపు రెండింతలు తగుల్తాది. ఒప్పుకుంటున్నట్టు అఫిడవిట్ తెచ్చుకో."

వెనక నిలబడ్డ, చూడటానికి డ్రాగన్‌లాగే ఉండే గ్యారడోస్ ఈ మాట విని ఏడుపు అందుకుంది. దాని కేసు ఇంకా ఘోరం. మాజికార్ప్ అనే చేపగా ఉన్నన్నాళ్ళు ఒట్టి వాటర్. ఇరవయ్యో లెవెల్లో ఎదిగి బయటికొచ్చేసరికి ఎవరో ఫ్లయింగ్ అని రాసిపెట్టారు. ఫ్లై అనే మూవ్ నేర్చుకునే అర్హత దానికి ఈనాటికీ లేదు. ఎగరనివ్వరు, ఎగురుతావని మాత్రం రాస్తారు. ఫలితం, థండర్‌బోల్ట్ అనే ఎలక్ట్రిక్ దెబ్బ 90, పికాచూ సొంత టైప్ కలిపితే 135, వాటర్, ఫ్లయింగ్ రెండూ కలిసి నాలుగింతలు చేస్తే 540. అదే వాటర్, డ్రాగన్ అని రాసి ఉంటే డ్రాగన్ సగం చేసేది, దెబ్బ 135 దగ్గరే ఆగేది. ఒక్క మాట తేడాకి దెబ్బలో నాలుగింట మూడు వంతులు. "నాకూ రాయి ఇప్పించండి" అంటే ఇచ్చారు కూడా. ఆ రాయి పట్టుకుంటే అది వాటర్, డార్క్ అవుతుంది. డ్రాగన్ అడిగినవాడికి చీకటి మంజూరు చేసిన ఘనత ఇంకే శాఖకైనా ఉందా?

అప్పుడు తలుపు దగ్గర పెద్ద చప్పుడైంది. పది మీటర్ల తొంభై సెంటీమీటర్ల కొబ్బరి చెట్టొకటి మెడ వంచుకుని లోపలికొచ్చింది. ఆటలోని అలోలా దీవుల ఎగ్జెక్యూటర్. పేరు అడగలేదు, కాగితం అడగలేదు. గుమస్తాగారు లేచి నిలబడి ముద్ర కొట్టారు: గ్రాస్, డ్రాగన్.

"సార్, అది చెట్టు!" అంది చారిజార్డ్.

"అలోలా రికార్డులో ఉంది. ఎల్లు ఎల్లు."

ఈ చెట్టు దగ్గర కాస్త ఆగాలి. ఇదే ఎగ్జెక్యూటర్ ఆటలోని కాంటో అనే మరో ప్రాంతంలో పెరిగితే గ్రాస్, సైకిక్. అలోలాలో పెరిగితే గ్రాస్, డ్రాగన్. సముద్రానికి ఇటు ఒక టైప్, అటు ఒక టైప్. మన జిల్లాలవాళ్ళకి ఇది వింతేమీ కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక ప్రాంతంగా ఏర్పడ్డప్పుడు గంజాం, కోరాపుట్ మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి అటు వెళ్ళాయి. గిడుగు రామమూర్తిగారు వాడుక భాష కోసం పోరాడిన పర్లాకిమిడి ఒక్క అంగుళం కూడా కదలలేదు, రిజిస్టర్లో గడి మారింది. ఏటికి అవతలి ఒడ్డునున్న పాతపట్నం ఇటు, నేటి ఆంధ్ర వైపు మిగిలింది. గీత గీసినవాళ్ళకి పెళ్ళి సంబంధాల సంగతి పట్టలేదు.

కానీ ఆటకీ మనకీ తేడా ఒకటుంది. అలోలాలో పెరిగిన ఆ చెట్టుని మరొకరికి ఇచ్చి కాంటోకి పంపితే అక్కడ కూడా అది డ్రాగనే. ఎవరూ కొట్టేయరు. 1996లో ఒట్టి ఎలక్ట్రిక్‌గా ఉన్న మాగ్నెమైట్‌కి తర్వాత స్టీల్ కలిపారు, నార్మల్‌గా ఉన్న క్లెఫేరీని 2013లో ఫెయిరీ చేశారు. ఏ క్లెఫేరీనీ నోటరీ దగ్గరికి తిప్పలేదు. మరి పాతపట్నం నుంచి ఏరు దాటి పర్లాకిమిడికి కోడలిగా వెళ్ళిన షెడ్యూల్డ్ కులపు అమ్మాయి సంగతేమిటి? ఎస్సీ జాబితా ఉత్తర్వు 1950 ఆగస్టు 10ది, ఎస్టీది అదే ఏడాది సెప్టెంబరు 6ది. రెండూ రాష్ట్రాల వారీగా రాసినవే. ఒక రాష్ట్రపు హోదా వలస వెళ్ళిన రాష్ట్రంలో చెల్లదని 1990లో సుప్రీంకోర్టు తేల్చేసింది. వెనకబాటుని ఆయా రాష్ట్రంలోనే కొలవాలన్నది ఆ తీర్పు తర్కం. ఆ కేసులోలా దూరాన ఉన్న బొంబాయికి వలస వెళ్ళినవాళ్ళ సంగతి వేరే మాట్లాడుకుందాం. ఆటోలో వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చే దూరం ఇది! పుట్టింటి వీధిలో ఆమెను దూరంగా కూర్చోబెట్టినవాళ్ళ చుట్టాలే అత్తింటి ఊళ్ళోనూ కూర్చోబెడతారు. వాళ్ళకి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు, వాళ్ళకి చూస్తేనే తెలిసిపోతుంది. రాష్ట్ర ప్రభుత్వపు రిజర్వు పోస్టుకి దరఖాస్తు పెట్టినా, రిజర్వు వార్డులో నామినేషన్ వేసినా మాత్రం "నువ్వు ఇక్కడి జాబితా మనిషివి కాదు" అంటారు. అవమానం మాత్రం ఏరు దాటి ఆమెతో వస్తుంది, హక్కు ఒడ్డునే ఆగిపోతుంది. దీన్ని పద్ధతి అని పిలవడానికి సిగ్గుండాలి. ఒక కల్పిత కొబ్బరి చెట్టుకి ఇచ్చిన మర్యాదలో పదో వంతు మనిషికి ఇవ్వలేకపోయారు.

సరే, క్యూలో చారిజార్డ్ ఇంకా నిలబడే ఉంది, దాని పని చూద్దాం. అవతలివాడు స్టెల్త్ రాక్ అనే మూవ్‌తో మైదానంలో రాళ్ళు పరిచి ఉంటే అక్కడ అడుగుపెట్టినవాళ్ళకి మామూలుగా ఎనిమిదో వంతు ప్రాణం పోతుంది. నాలుగింతల బలహీనత ఉన్నందుకు చారిజార్డ్‌కి సగం పోతుంది. మెగా రాయి చేతిలో ఉన్నా మొదటిసారి దిగేటప్పుడు అది ఇంకా ఫైర్, ఫ్లయింగే, ఆ సగం పోయాకే మారుతుంది. మారాక బయటికెళ్ళి మళ్ళీ దిగితే పావు వంతే పోతుంది గాని, అప్పటికి మిగిలిందే సగం. ముందుగా ర్యాపిడ్ స్పిన్ గాని డీఫాగ్ గాని అనే మూవ్ ఉన్నవాణ్ణి దింపి రాళ్ళు ఊడ్పించాలి. ఇంకో ఉపాయం హెవీ డ్యూటీ బూట్స్. తొడిగితే ఒక్క రాయీ గుచ్చుకోదు. 2019లో సోర్డ్, షీల్డ్ ఆటలతో పాటు వాటిని మంజూరు చేశారు. ఆ ఆటల్లోనే మెగా రాయిని రద్దు చేశారు.