జాకెట్ గుడ్డ ఉందో లేదో చెప్పడానికి ఒక గడి కావాలి

మా పిన్ని మంగళగిరిలో చీరలు అమ్ముతుంది. మూడేళ్ల కిందట తనకి వూకామర్స్ అనే షాపు సాఫ్ట్‌వేర్ మీద ఆన్‌లైన్ షాపు నేనే కట్టిచ్చాను. పోయిన శ్రావణంలో ఒకావిడ చీర వెనక్కి పంపారు, జాకెట్ గుడ్డ లేదని. లేదని మేము రాశాం, కానీ వివరణలో ఐదో వాక్యంలో. పిన్ని డబ్బు తిరిగి పంపేసి నాతో ఒకటే అంది: "అమ్మాయ్, కొట్లో అయితే ఈ మాట వాళ్లు అడక్కముందే చెప్తాను కదే."

ఆ మాట నన్ను వదల్లేదు. కొట్లో చీర మడత విప్పుతూనే పిన్ని చెప్పేస్తుంది: పడుగు ఎన్ని కౌంటు, పేక ఎన్ని కౌంటు, అంచు ఎన్ని అంగుళాలు, జరీ ఏ రకం, టెస్టెడా హాఫ్ ఫైనా, పొడవెంత, జాకెట్ గుడ్డ కలిపి నేశారా లేదా. షాపు సాఫ్ట్‌వేర్ మాత్రం తనంతట తాను పేరు, ధర, స్టాకు, బరువు, ఫొటోలు, ఇలాంటివే అడుగుతుంది. సబ్బుకీ అవే, చీరకీ అవే. అందులో తప్పు లేదు, అది అందరి కోసం చేసింది. మన సరుకుకి కావలసిన గడులు, అంటే ఒక్కో సమాచారం విడిగా నింపే పెట్టెలు, మనమే చేర్చుకోవాలి. షాపిఫై అనే ఇంకో షాపు సాఫ్ట్‌వేర్‌లో వాటిని మెటాఫీల్డ్‌లంటారు, వూకామర్స్‌లో యాట్రిబ్యూట్‌లు, కస్టమ్ ఫీల్డ్‌లు ఉంటాయి. దారి ఉంది. మనం మాత్రం అన్నీ తెచ్చి వివరణ అనే ఒక్క గోనెసంచిలో కుక్కేస్తున్నాం. నా కోపం దాని మీదే.

వివరణని మనిషి చదువుతాడు, ఫిల్టర్ చదవదు. 80 కౌంటు నూలు చీర, చిన్న అంచు కావాలని వెతికే మనిషికి వివరణలో రాసిన కౌంటు ఎందుకు పనికొస్తుంది? కౌంటు పెరిగేకొద్దీ నూలు సన్నబడుతుంది, ధర మారుతుంది, ఎండాకాలం కట్టుకుంటే ఒంటికి తేడా తెలుస్తుంది. కొనేవాళ్లు దాన్నే అడుగుతారు.

సరే, గడి పెట్టాలి. ఏ రకం గడి? నేను మొదట చేసిన పొరపాటు ఇక్కడే. పొడవుకి మామూలు టెక్స్ట్ గడి పెట్టాను, ఏది రాసినా తీసుకుంటుంది కదా అని. ఆర్నెల్లకి చూస్తే అందులో "5.5", "5.5 మీ", "ఐదున్నర", "6.3 జాకెట్‌తో" అని నాలుగు రకాలుగా ఉంది. పిన్ని ఒకలా, కొట్లో పనిచేసే అమ్మాయి ఇంకోలా, నేను మరోలా రాశాం. వూకామర్స్‌లో కస్టమ్ ఫీల్డ్ విలువలన్నీ డేటాబేస్‌లో టెక్స్ట్‌గానే ఉంటాయి. సంఖ్యగా చూడమని మనం చెప్పకపోతే, వరసలో 10 అంగుళాల అంచు 2 అంగుళాల అంచు కన్నా ముందొస్తుంది. నేను చెప్పలేదు, అలాగే వచ్చింది.

జాకెట్ గుడ్డకి టిక్ పెట్టె పెట్టడం ఇంకా పెద్ద తప్పు. టిక్ లేకపోతే లేదని అర్థమా, ఇంకా ఎవరూ చూడలేదని అర్థమా? మా పేజీ రెండింటికీ "లేదు" అనే చూపించింది. గుడ్డ ఉన్న చీరలు కూడా కొన్ని వారాలపాటు లేనట్టే కనిపించాయి. ఎంత మంది చూసి వెళ్లిపోయారో! ఇప్పుడు మూడు ఎంపికలు పెట్టాను: ఉంది, లేదు, ఇంకా చూడలేదు. మూడోది ఉన్నంతవరకు ఆ చీర షాపులో కనిపించదు.

ఇంకో సంగతి, ఇది డెవలపర్లు తప్పకుండా వినాలి. ఏ సమాచారం దేనిదో ముందు తేల్చుకోండి. అంచు వెడల్పు చీరది. ఫాల్, పికో కుట్టించి పంపమనడం ఆ ఆర్డర్‌ది. దాన్ని చీర పేజీలో గడిగా పెడితే ఒకరు అడిగింది చీరకి అంటుకుపోయి తర్వాతి వాళ్లకీ కనిపిస్తుంది. జాకెట్ కొలతలు మనిషివే అయినా ఆర్డర్‌లో కూడా ఒక నకలు ఉండాలి. వచ్చే ఏడాది ఆవిడ కొలత మార్చుకుంటే, ఈ ఏడాది కుట్టిన జాకెట్ ఏ కొలతకి కుట్టామో మనకి తెలియాలి కదా.

గడి పేరు పెట్టేముందు కూడా ఒక్క రోజు ఆగండి. షాపిఫైలో మెటాఫీల్డ్‌కి ఒకసారి ఇచ్చిన కీ, అంటే సాఫ్ట్‌వేర్ లోపల ఆ గడిని గుర్తుపట్టే పేరు, తర్వాత మార్చలేం. "ఫీల్డ్1", "న్యూ2" అని పెట్టి వెళ్లిపోయిన షాపులు నేను చూశాను. రెండేళ్ల తర్వాత వచ్చినవాళ్లు దాన్ని చూసి ఏం అర్థం చేసుకుంటారు?

ఏ గడులు కావాలో డెవలపర్ ఒక్కడే కూర్చుని తేల్చకూడదు. నేను తర్వాత రెండు రోజులు కొట్లో కూర్చుని, ఫోన్‌లో వచ్చే ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకున్నాను. ఎక్కువసార్లు వచ్చినవే గడులయ్యాయి. వాటిలో ఒకటి నేను ఊహించనిది: "ఇది మగ్గం మీద నేసిందేనా? ఎవరు నేశారు?"

ఆ గడి కూడా పెట్టాను, నేసినవారి పేరు అని. వాళ్లని అడిగి, సరేనంటేనే రాస్తున్నాం. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని రోజులకి రోజులు నేసిన మనిషి పేరుకి ఈ షాపు సాఫ్ట్‌వేర్‌లలో ముందే చోటు ఉండదు, మనం పెడితేనే ఉంటుంది. మొదట ఒప్పుకున్న పెద్దాయన తన పేరు ఫోన్‌లో చూసుకుని, చదవమని మనవరాలికిచ్చారు.

ఇంకా చాలా చీరలకి ఆ గడి ఖాళీగానే ఉంది. ఆదివారం పిన్నితో కలిసి మిగతా మగ్గాల దగ్గరికి వెళ్తున్నాను.