పదో తరగతి పరీక్షలకూ కాలేజీకీ మధ్య

చిన్న వయసులో గర్భం అనగానే మనవాళ్ళ వేలు సెల్‌ఫోను మీదికే పోతుంది. ఇన్‌స్టాగ్రామ్ చెడగొట్టింది, సినిమాలు చెడగొట్టాయి అంటారు. పెండ్లి పత్రిక వైపు ఎవరూ వేలు చూపరు. పదహారు, పదిహేడేళ్ళకే ఊరి నర్సు ఏఎన్ఎం దగ్గర పేరు రాయించుకునే బిడ్డల్లో ఎక్కువమంది మెడలో తాళి ఉంటుంది, పక్కన అత్త నిలబడి ఉంటుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15-19 ఏళ్ళ ఆడపిల్లల్లో 12.6 శాతం అప్పటికే తల్లులు, లేదా కడుపుతో ఉన్నవాళ్ళు. దేశం మొత్తం మీద అది 6.8 శాతమే. మన దగ్గర 20-24 ఏళ్ళ ఆడవాళ్ళలో 29 శాతానికి పైగా పద్దెనిమిది నిండకముందే పెండ్లి అయినవాళ్ళు. ఈ రెండు లెక్కలూ ఒకే ఇంట్లో పుట్టినవి.

చిత్తూరు, తిరుపతి పల్లెల్లో బిడ్డ చేజారే కాలం ఏదో అందరికీ తెలుసు. మార్చిలో పదో తరగతి పరీక్షలు అయిపోతాయి. మళ్ళీ కాలేజీ మెట్లెక్కేదాకా ఎండాకాలం, ముహూర్తాలు, ఇంట్లో ఊరికే కూర్చున్న పిల్ల. మేనమామ ఉంటే కట్నం మాట లేదు, కొత్త సంబంధం వెతకాల్సిన పని లేదు. ఒక్క సబ్జెక్టు తప్పిందంటే ఇక ఆ పిల్ల చదువు గురించి అడిగే వాళ్ళే ఉండరు. తప్పిన బిడ్డకు చేయాల్సిన మొదటి పని, ఫలితాలొచ్చిన వారంలోపే సప్లిమెంటరీ ఫీజు కట్టించడం. గడువు కొద్ది రోజులే ఉంటుంది. తండ్రి కూలికి పోయి ఉంటాడు, తల్లికి బడికి పోయి అడిగే ధైర్యం ఉండదు. ఆ ఫీజు ఎవరు కట్టారో కనుక్కోవడం పక్కింటి వాళ్ళ పని, బాబాయి పని, సచివాలయంలోని మహిళా పోలీసు పని. నెల రోజులు లెక్కలు చెప్పే మనిషి దొరికితే చాలామంది గట్టెక్కుతారు. అప్పటికీ కుదరకపోతే ఓపెన్ స్కూల్ ఉంది.

తొందరకు ఇంకో మూలం ఉంది. బిడ్డ పెద్దమనిషి కాగానే వీధి చివర ఫ్లెక్సీ లేస్తుంది. పన్నెండేళ్ళ పిల్లకు పట్టు లంగా ఓణీ, నడుముకు వడ్డాణం, చుట్టూ మామల ఫోటోలు, కింద 'శుభాకాంక్షలతో' అని పాతికమంది పేర్లు. ఊరంతటికీ 'మా ఇంట్లో పెండ్లికి ఆడపిల్ల ఉంది' అని చాటింపు వేసినట్టే కదా! ఆ తర్వాత అడగడానికి వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు. నీళ్ళు పోసి, నలుగురు ముత్తైదువులను పిలిచి, నువ్వుల చిమ్మిలి పెడితే ఆచారం తీరుతుంది. ఫ్లెక్సీకీ భోజనాలకూ పెట్టే డబ్బు బిడ్డ పేరున పోస్టాఫీసులో వేయండి.

కుప్పం, రామకుప్పం, వి.కోట వైపు తల్లిదండ్రులు బెంగళూరుకు పనికి పోతారు. పిల్లను అవ్వ దగ్గర వదిలి పోవాలంటే భయం. ఆ భయం నిజమైనదే, దాన్ని తప్పు పట్టలేం. దానికి మందు పెండ్లి అనుకోవడమే తప్పు. ఆరు నుంచి ఇంటర్ దాకా కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలున్నాయి, సంక్షేమ హాస్టళ్ళున్నాయి. దరఖాస్తు గడువు దాటాక పోతే సీటుండదు, కాబట్టి బెంగళూరు బస్సు ఎక్కేముందే ఆ పని ముగించాలి. ఇక కాలేజీ దూరమనే మాట. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు. చార్జీల బాధ పోయింది, వేళల బాధ మిగిలింది. నలుగురైదుగురు పిల్లలు కలిసి పోయి కలిసి వచ్చేట్టు చూడండి. సాయంత్రం బస్సు వేళ కుదరకపోతే పంచాయతీ నుంచి డిపో మేనేజరుకు అర్జీ పెట్టండి.

ఇంట్లో మాట్లాడే సంగతికొద్దాం. తల్లికి సిగ్గయితే పిన్ని చెప్పాలి, అత్త చెప్పాలి, ఎవరో ఒకరు చెప్పాలి. బహిష్టు మొదలయ్యే ముందే, అంటే తొమ్మిది పదేళ్ళకే, ఏం జరగబోతోందో చెప్పాలి. పన్నెండు, పదమూడేళ్ళకు గర్భం ఎలా వస్తుందో తేట తెలుగులో చెప్పాలి. ఒక్కసారి కలిసినా చాలు. అండం ముందు విడుదలై, సుమారు రెండు వారాలకు బహిష్టు వస్తుంది కాబట్టి ఇంకా పెద్దమనిషి కాని పిల్లకు కూడా గర్భం రావచ్చు. ఈ వయసులో నెలలు సరిగా రావు కాబట్టి 'ఈ రోజుల్లో గర్భం రాదు' అనే లెక్క పనికిరాదు. ఇవి చెబితే పిల్ల చెడిపోతుందని భయపడతారు. ఫోను లాక్కుని, కాలేజీ మాన్పించి, ఆదరాబాదరా సంబంధం చూసే ఇంట్లోంచే పిల్ల లేచిపోయేది. 'ఏం జరిగినా ముందు నాకు చెప్పు, కొట్టను' అని ఒక్కరైనా మాటిచ్చిన ఇంట్లో పిల్ల దాచదు. కొడుక్కు కూడా చెప్పాలి. అవతలి పిల్లకు పద్దెనిమిది నిండకపోతే, ఆమె ఇష్టపడే వచ్చినా పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసే అవుతుందని వాడికి తెలిసుండాలి. 2017 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత తాళి కట్టినా అది నేరమే.

పొరపాటు జరిగిందని పిల్ల చెప్పిన రోజు అరిచే రోజు కాదు. 72 గంటలు దాటకపోతే అత్యవసర గర్భనిరోధక మాత్ర ఉంది, ఎంత తొందరగా వేసుకుంటే అంత బాగా పని చేస్తుంది. నెల తప్పితే తెల్లవారి మొదటి మూత్రంతో పరీక్ష చేయాలి, కిట్ ఆశా కార్యకర్త దగ్గర ఉంటుంది. గర్భమని తేలితే మెడికల్ షాపు మాత్రల జోలికి పోవద్దు. ఎన్ని వారాలో తెలియకుండా, గర్భం ట్యూబులో ఉందేమో చూడకుండా మింగితే రక్తస్రావంతో ప్రాణం మీదికి వస్తుంది. తిరుపతి ప్రసూతి ఆసుపత్రిలాంటి సర్కారు ఆసుపత్రికి తీసుకుపోండి. చట్టప్రకారం 20 వారాల దాకా ఒక డాక్టరు, మైనరుకు 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో గర్భస్రావం చేయవచ్చు, సంరక్షకుల రాతపూర్వక సమ్మతి కావాలి. పోలీసులకు సమాచారం పోతుందని దాచిపెట్టేవాళ్ళు ఇది వినండి: అమ్మాయీ సంరక్షకులూ కోరితే, డాక్టరు ఆ సమాచారంలో పేరూ వివరాలూ రాయనక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. వారాల లెక్క చివరి బహిష్టు మొదటి రోజు నుంచి మొదలవుతుంది. దాచిన ప్రతి వారమూ దారి ఇరుకవుతుంది.

బాల్యవివాహం జరగబోతోందని తెలిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోను చేయండి, మీ పేరు చెప్పనక్కర్లేదు. ఊరు, వీధి, పిల్ల చదివిన బడి, ముహూర్తం తేదీ, మండపం చెబితే చాలు. బడి రికార్డులోని పుట్టిన తేదీనే ముందు చూస్తారు కాబట్టి బడి పేరు ముఖ్యం. ఫోను చేసే వేళ ఇంకా ముఖ్యం. తాంబూలాలప్పుడే చేయండి. మూడు వందల మందికి వంట అయ్యాక పోలీసులు వస్తే ఇంటివాళ్ళు పరువూ డబ్బూ పోయిన కసితో ఉంటారు. ఆ రోజు 'పద్దెనిమిది నిండేదాకా చేయం' అని కాగితం రాసిస్తారు, వారం తిరక్కుండా సరిహద్దు దాటి ఏదో గుడిలో తెల్లవారుజామున కట్టించేస్తారు. ఆగింది కదా అని అధికారులు, ఊరివాళ్ళు ఇంటికి పోవడమే అసలు లోపం. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు దగ్గర నిషేధపు ఉత్తర్వు తీసుకోవాలి. ఆ తర్వాత ఎక్కడ కట్టినా ఆ పెండ్లి చెల్లదు. ఉత్తర్వు లేకపోతే పెండ్లిని రద్దు చేయమని ఆ పిల్లే కోర్టుకు పోవాలి. ఉత్తర్వు వచ్చాక కూడా ఆ బిడ్డ బడిలోనో హాస్టల్లోనో కనిపిస్తోందా అని కనీసం మూడు నెలలు, వారానికోసారి, అంగన్‌వాడీ టీచరో మహిళా పోలీసో పోయి చూడాలి. 'ఊరికి పోయింది' అని ఇంటివాళ్ళు చెబితే, ఏ ఊరికి, ఎవరింటికి అని అడిగి, పిల్లతో ఫోనులో మాట్లాడాకే కదలాలి.