బ్రిగేడియర్ రిటైరైంది ఎప్పుడు? డాక్టర్ హూలో తేలని లెక్కలు

డాక్టర్ హూ అభిమానులు ఇద్దరు ఒకచోట చేరినప్పుడు మాటల మధ్యలో ఒక్క ప్రశ్న వేసి చూడండి. డాక్టర్‌కి తోడుండే యూనిట్ అనే సైనిక దళం కథలు జరిగింది 70లలోనా, 80లలోనా? ఇక ఆ పూటకి వేరే కాలక్షేపం అక్కర్లేదు. చూసేవాళ్లకి ఇది పనీపాటా లేని గొడవలాగే ఉంటుంది. కానీ డాక్టర్ అనే కాలయాత్రికుడి కథలు చెబుతూ 60 ఏళ్లు దాటిన ఈ బ్రిటిష్ టీవీ సీరియల్ ఎలా తయారైందో తెలియాలంటే మొదలుపెట్టాల్సింది ఇక్కడే.

ముందు లెక్క చూద్దాం. 1968 మొదట్లో 'ది వెబ్ ఆఫ్ ఫియర్' వచ్చింది. లండన్ భూగర్భ రైలు సొరంగాల్లో యెతిలనే మంచుమనుషులు తిరుగుతుంటే, వాటి పని పట్టడానికి వచ్చిన సైనికాధికారి కల్నల్ లెత్‌బ్రిడ్జ్ స్టీవర్ట్. 1935లో టిబెట్‌లో డాక్టర్‌ని కలిసిన ప్రొఫెసర్ ట్రావర్స్ ఇందులో ముసలివాడై కనిపిస్తాడు, ఆ సంగతి జరిగి 40 ఏళ్లు దాటిందంటాడు. అంటే కథాకాలం 1975 ప్రాంతం. అదే ఏడాది చివర్లో వచ్చిన 'ది ఇన్వేజన్'కి ఆ కల్నల్ కాస్తా బ్రిగేడియర్ అయ్యాడు, యూనిట్ అనే అంతర్జాతీయ దళానికి బ్రిటన్‌లో పెద్ద. సొరంగాల గొడవ జరిగి నాలుగేళ్లయి ఉంటుందని ఆయనే చెబుతాడు. ఈ లెక్కన 1979. తర్వాత 1975లో ప్రసారమైన 'పిరమిడ్స్ ఆఫ్ మార్స్'లో, యూనిట్ కథల నుంచే డాక్టర్ వెంట బయల్దేరిన సారా జేన్ స్మిత్ తనది 1980 అని స్పష్టంగా చెప్పింది. అప్పటి రచయితలు ఈ కథలన్నీ ప్రసారమైన ఏడాదికి కొన్నేళ్ల తర్వాతి కాలంలో జరుగుతున్నట్టే ఊహించుకున్నారు. 1975 నాటి 'టెరర్ ఆఫ్ ద జైగాన్స్'లో బ్రిగేడియర్ ఫోన్‌లో ప్రధానమంత్రిని 'మేడమ్' అని సంబోధిస్తాడు. నాలుగేళ్ల తర్వాత మార్గరెట్ థాచర్ నిజంగానే ప్రధాని అయ్యారు. కాబట్టి 1980 లెక్క అంత తీసిపారేయాల్సిందేమీ కాదు.

1983లో 'మాడ్రిన్ అన్‌డెడ్' వచ్చి ఈ లెక్కంతా తలకిందులు చేసింది. ఇందులో బ్రిగేడియర్ సైన్యం వదిలేసి ఒక మగపిల్లల స్కూల్లో పాఠాలు చెప్పుకుంటుంటాడు. కథ కొంత 1983లో, కొంత 1977లో నడుస్తుంది. 1977 అన్న దానిలో అనుమానమే లేదు, రాణి ఎలిజబెత్ సిల్వర్ జూబ్లీ ప్రస్తావన కూడా ఉంది. అప్పటికే ఆయన రిటైరై ఏడాదయింది. అంటే తాను బ్రిగేడియర్‌గా మొదటిసారి తెరమీదికొచ్చిన కథ జరగడానికి మూడేళ్ల ముందే పదవీ విరమణ చేసేశాడన్నమాట. పాపం, ఆయన స్కూల్లో చెప్పేది లెక్కలు.

ఇలా ఎందుకైంది? ఆ స్క్రిప్టులో మొదట అనుకున్న పాత్ర ఆయన కాదు. 1963లో డాక్టర్ వెంట వెళ్లిన తొలి సహచరుల్లో ఒకడైన ఇయాన్ చెస్టర్టన్‌ని మళ్లీ తీసుకురావాలనుకున్నారు. ఇయాన్ ఎలాగూ స్కూల్ టీచరే. 1977లో ఉన్నాడన్నా, 1983లో ఉన్నాడన్నా ఇబ్బంది లేదు. ఆ నటుడు విలియం రసెల్ కుదరకపోవడంతో ఆ చోట్లో బ్రిగేడియర్‌ని పెట్టారు. మనిషి మారాడు, తేదీలు అలాగే ఉండిపోయాయి. 2008లో వచ్చిన 'ది సొంటారన్ స్ట్రాటజెమ్'లో డాక్టర్ తాను యూనిట్‌లో పనిచేసింది 70లలోనా, 80లలోనా అని తనే తడబడతాడు. ఈ చిక్కు మీద సీరియల్ ఇచ్చిన మంచి జవాబు నా దృష్టిలో ఇదే. విప్పబోలేదు, దాచబోలేదు, నవ్వి ఊరుకుంది.

టైమ్ ట్రావెల్ కథ కాబట్టి చిక్కులు తప్పవని చాలామంది అంటుంటారు. పైన చెప్పినదాన్లో టైమ్ ట్రావెల్‌కి ఏ పాపమూ తెలియదు. ఒక నటుడి డేట్లు దొరకలేదు, అంతే. ఈ సీరియల్‌లో పొంతన కుదరని చోట్ల చాలావరకు కారణం ఇలాంటిదే. 60లు, 70లలో ఒక ఎపిసోడ్ శనివారం సాయంత్రం ప్రసారమైతే దాదాపుగా పోయినట్టే. పునఃప్రసారాలు తక్కువ, ఇళ్లలో వీడియో రికార్డర్లు లేవు. పైగా బీబీసీ ఆ టేపుల్ని మళ్లీ వాడుకోవడానికి చెరిపేసేది. 'ది వెబ్ ఆఫ్ ఫియర్' ఆరు ఎపిసోడ్లలో చాలా ఏళ్లపాటు మిగిలింది మొదటిదొక్కటే. 2013లో నైజీరియాలో దొరికిన తొమ్మిది ఎపిసోడ్ల ప్రింట్లలో ఇందులోని నాలుగు ఉన్నాయి. మూడోది మాత్రం రాలేదు. మన బ్రిగేడియర్‌గా నికొలస్ కోర్ట్నీ తొలిసారి మొహం చూపించింది ఆ మూడో ఎపిసోడ్‌లోనే! పాత కథలు మళ్లీ చూసే వీలు లేని ఆ రోజుల్లో అభిమానులకు దిక్కు నవలారూపాలే. వాటిలో 60కి పైగా రాసింది టెరెన్స్ డిక్స్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

అలాంటి పరిస్థితిలో ముందెవరో ఏం రాశారన్నది ఎవరికి పట్టింది? అట్లాంటిస్ సంగతే చూడండి. ఆ ద్వీపం మూడుసార్లు మూడు రకాలుగా మునిగింది, 1967లో ఒకసారి, 1971లో ఒకసారి, 1972లో ఇంకోసారి. చివరి రెండు కథలు రాయడంలో ఉన్నది ఒకే రచయిత, రాబర్ట్ స్లోమన్. ఏడాది కిందట తానే ముంచిన ద్వీపాన్ని మళ్లీ ముంచాడు. డాక్టర్ బద్ధశత్రువులైన డాలెక్‌ల పుట్టుక కూడా అంతే. 1963లో అవి డాల్ అనే జాతి నుంచి పుట్టాయన్న రచయిత టెర్రీ నేషన్, 1975లో కాదు, కేలెడ్ జాతి నుంచి డేవ్రోస్ అనే శాస్త్రవేత్త తయారుచేశాడన్నాడు. రెండో కథ మొదటిదానికంటే ఎంతో బలంగా ఉంది కాబట్టి పాత డాల్‌ల కోసం ఎవరూ పెద్దగా కన్నీళ్లు పెట్టుకోలేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన చిక్కు. 1969లో 'ది వార్ గేమ్స్' చివర్లో డాక్టర్ సొంత జాతివాళ్లయిన టైమ్ లార్డ్స్ ఆయన్ని విచారిస్తారు. సహచరులు జేమీ, జోయీల జ్ఞాపకాలు చెరిపి ఎవరి కాలానికి వాళ్లను పంపేస్తారు. డాక్టర్‌కి రూపం మార్చి భూమ్మీద ప్రవాసం వేస్తారు. అప్పటి డాక్టర్‌గా చేసిన పాట్రిక్ ట్రౌటన్ చీకట్లో గిరగిరా తిరుగుతూ వెళ్లిపోతాడు. మరుసటి జనవరిలో వచ్చిన కథలో టార్డిస్ అనే కాలయంత్రం తలుపు తీసుకుని కింద పడేది కొత్త డాక్టర్ జాన్ పెర్ట్‌వీ. మధ్యలో ఏమీ లేదు. 1983లో 20 ఏళ్ల పండగకి 'ది ఫైవ్ డాక్టర్స్' తీశారు. ట్రౌటన్ డాక్టర్‌కి ఎదురుగా జేమీ, జోయీ కనిపిస్తారు. వీళ్ల జ్ఞాపకాలు చెరిపేశారు కదా, నన్నెలా గుర్తుపట్టారు, కాబట్టి వీళ్లు మాయ అని ఆయన పట్టేస్తాడు. తెలివైన ఆలోచనే. కానీ ఆ జ్ఞాపకాలు చెరిపిన కాసేపటికే ఈయనకి శిక్ష పడింది, ఈ రూపం పోయింది. మరి ఆ సంగతి తెలిసిన ట్రౌటన్ డాక్టర్ ఎక్కణ్నుంచి వచ్చాడు? ఈ స్క్రిప్టు రాసింది టెరెన్స్ డిక్స్. 'ది వార్ గేమ్స్' రాసిన ఇద్దరిలో ఒకరూ ఆయనే! 1985లో 'ది టూ డాక్టర్స్' ఇంకో ముడి వేసింది. టైమ్ లార్డ్స్ కంటపడకుండా పారిపోతూ బతికిన ఆ డాక్టరే అందులో వాళ్ల తరఫున పనిమీద వెళ్తుంటాడు, జుట్టు కూడా నెరిసింది.

1995లో పాల్ కార్నెల్, మార్టిన్ డే, కీత్ టాపింగ్ అనే ముగ్గురు అభిమాన రచయితలు తమ పుస్తకంలో దీనికో దారి చూపించారు. విచారణ తర్వాత శిక్ష వెంటనే అమలు కాలేదు, టైమ్ లార్డ్స్ కొన్నాళ్లు ఆయన చేత రహస్యంగా పనులు చేయించుకున్నారు అన్నారు. ఆరో సీజన్‌కీ ఏడో సీజన్‌కీ మధ్య కాబట్టి దీనికి 'సీజన్ 6బి' అని పేరొచ్చింది. డిక్స్ తర్వాత 2005లో ఈ కాలం మీదే ఒక నవల రాశారు. చిక్కు తెచ్చిన మనిషే అభిమానులు వేసిన అతుకు తీసుకుని కొత్త కథ కుట్టాడు. అదే ఏడాది తిరిగి మొదలైన టీవీ సీరియల్‌కి పాల్ కార్నెల్ ఒక ఎపిసోడ్ రాశారు, 'ఫాదర్స్ డే'. చనిపోయిన తండ్రిని కాపాడి గతాన్ని చెడగొట్టిన అమ్మాయి కథ అది. ఇన్నేళ్లు తప్పులు వెతికిన కన్ను ఊరికే పోలేదనిపిస్తుంది.

ఈ అతుక్కీ, ఇప్పుడు తరచుగా వినిపించే ఇంకో సమాధానానికీ చాలా తేడా ఉంది. టైమ్ లార్డ్స్‌కీ డాలెక్‌లకీ మధ్య టైమ్ వార్ జరిగింది, చరిత్ర మారిపోయింది, అందుకే పాత కథలు కుదరవు అనేది ఆ సమాధానం. 2005 తర్వాత దీనికి గిరాకీ పెరిగింది. దీంతో నాకు పేచీ ఉంది. బ్రిగేడియర్‌కీ అదే, అట్లాంటిస్‌కీ అదే, డాలెక్‌లకీ అదే అయితే, ఏ కథనీ దగ్గరగా చూడాల్సిన అవసరమే ఉండదు. 6బి అలా కాదు. ట్రౌటన్ జుట్టు ఎందుకు నెరిసింది, టైమ్ లార్డ్స్‌తో ఆయనకు సఖ్యత ఎలా కుదిరింది అని ఒక్కొక్కటీ పట్టించుకుంది. ఈసారి ఆ రెండు కథలూ చూస్తే ట్రౌటన్ మొహంలో ఇంతకుముందు లేని అలసట కనిపిస్తుంది. అది నటుడి వయసేనని తెలిసి కూడా!

తేదీలు తప్పితే తప్పాయి, కథకి వచ్చిన నష్టం లేదు. నియమాలు తప్పితే మాత్రం నష్టమే. 1964లో 'ది అజ్‌టెక్స్'లో నరబలి ఆపాలని చూసిన బార్బరాకి చరిత్రలో ఒక్క వాక్యం కూడా మార్చలేవని డాక్టర్ గట్టిగా చెబుతాడు. మరుసటేడాదే 'ది టైమ్ మెడ్లర్'లో ఒక సన్యాసి వేషగాడు 1066 నాటి హేస్టింగ్స్ యుద్ధం ఫలితం మార్చబోతే డాక్టర్ కిందా మీదా పడి ఆపుతాడు. మార్చలేనిదైతే ఆపడమెందుకు? ఈ ప్రశ్న 40 ఏళ్లకు పైగా అలాగే ఉంది. 2008లో పాంపే కథలో దీనికో సర్దుబాటు దొరికింది. కొన్ని ఘటనలు కదలనివి, అంటే 'ఫిక్స్‌డ్ పాయింట్లు', మిగతావి మార్చుకోవచ్చు. ఏది కదలనిదో డాక్టర్‌కి మాత్రమే తెలుస్తుంది. రచయితకి ఎక్కడ కావాలంటే అక్కడ గీత గీసుకునే సౌకర్యం ఇది, ఒప్పుకోవాల్సిందే. అయినా మరుసటేడు 'ది వాటర్స్ ఆఫ్ మార్స్' ఆ సౌకర్యం నుంచే నిజమైన భయాన్ని పుట్టించింది. 2059లో చనిపోవాల్సిన కెప్టెన్ ఎడిలేడ్ బ్రూక్‌ని డాక్టర్ కాపాడి, ఇక నియమాలు నా మాట వింటాయని విర్రవీగుతాడు. ఆమె ఇంట్లోకి వెళ్లి తుపాకీ పేల్చుకుంటుంది. 2011కి వచ్చేసరికి కదలనిది అన్నది డాక్టర్ చావే. చివరికి చచ్చింది డాక్టర్ రూపంలో ఉన్న యంత్రం అని తేల్చారు. మొదటిసారి చూసినప్పుడు చప్పట్లు కొట్టాను, రెండోసారి మోసపోయానన్న చికాకే మిగిలింది. ఆ తర్వాత 'ఫిక్స్‌డ్ పాయింట్' అన్న మాట వినిపిస్తే నాకు టెన్షన్ పడాలనిపించలేదు.

ఒక్క మాటకి ఎంత బరువు ఉంటుందో 1976 చెబుతుంది. ఆ ఏడాది జనవరిలో 'ది బ్రెయిన్ ఆఫ్ మోర్బియస్'లో డాక్టర్ మనసుతో పోరాడుతుంటే తెరమీద ఆయన పాత రూపాలు వరసగా వస్తాయి. మనకు తెలిసిన నాలుగూ అయ్యాక ఇంకో ఎనిమిది మొహాలు కనిపిస్తాయి. అవన్నీ నిర్మాత, స్క్రిప్ట్ ఎడిటర్, డైరెక్టర్ వగైరా సీరియల్ తీసినవాళ్లవి. అదే ఏడాది చివర్లో 'ది డెడ్లీ అసాసిన్'లో రాబర్ట్ హోమ్స్ ఒక మాట అనిపించాడు, టైమ్ లార్డ్‌కి కొత్త రూపమెత్తే పునర్జన్మలు 12 మాత్రమే, ఆ తర్వాత చావు తప్పదని. కుళ్లిపోతున్న మాస్టర్ అనే శత్రు టైమ్ లార్డ్ ఎందుకంత తెగించాడో చెప్పడానికి ఆ కథకి అదొక అవసరం. రెండూ కలిపి చూడండి. ఎనిమిదీ నాలుగూ 12. అంటే అప్పటి డాక్టర్ టామ్ బేకర్ 12వ రూపం. 12 పునర్జన్మలంటే 13 రూపాలు, ఇక మిగిలింది ఒక్కటే. ఒకే బృందం, ఒకే ఏడాది!

ఎనిమిది మొహాల్ని అందరూ పక్కన పెట్టారు, 12 అనే అంకె మాత్రం శాసనమైపోయింది. 2013లో అప్పటి ప్రధాన రచయిత స్టీవెన్ మాఫట్ దానికి లెక్క కట్టాల్సి వచ్చింది. అంతవరకు లెక్కలో లేకుండా తానే కొత్తగా తెచ్చిన 'వార్ డాక్టర్' అనే రూపం ఒకటి, 2008లో పదో డాక్టర్ మొహం మారకుండా వాడేసిన పునర్జన్మ ఒకటి కలిపితే కోటా అయిపోయింది. ఆ క్రిస్మస్‌కి టైమ్ లార్డ్స్ కొత్త కోటా ఇచ్చారు. 2020లో ఆయన తర్వాత వచ్చిన ప్రధాన రచయిత క్రిస్ చిబ్నల్ పాత ఎనిమిది మొహాల్ని తవ్వి తీశారు. డాక్టర్‌కి తనకే గుర్తులేని జన్మలున్నాయన్నారు. వాటిలో ఒకరిగా జో మార్టిన్ వచ్చారు. బాగానే ఉంది, కానీ ఆవిడ టార్డిస్ కూడా పోలీస్ బాక్స్ అనే నీలం ఫోన్ బూత్ రూపంలోనే ఉంది. ఎక్కడ దిగితే అక్కడికి తగ్గ రూపం తీసుకోవాల్సిన ఆ పెట్టె, 1963లో లండన్‌లో దిగి మళ్లీ బయల్దేరాక మారలేదేమిటని డాక్టర్, మనవరాలు సూసన్ ఆశ్చర్యపోవడం అందరం చూశాం. అంతకుముందు జన్మలో అది పోలీస్ బాక్స్ ఎలా అయింది?

అభిమానుల్లో కొందరు ఆవిడని మొదటి డాక్టర్‌కి ముందు పెట్టకుండా ట్రౌటన్‌కీ పెర్ట్‌వీకీ మధ్య, 6బిలో కూర్చోబెట్టారు. అప్పటికి పెట్టె రూపం బిగుసుకుపోయే ఉంది, టైమ్ లార్డ్స్ జ్ఞాపకాలు చెరిపే పనిలో ఆరితేరి ఉన్నారు. చక్కగా సరిపోయింది. 2024 డిసెంబర్‌లో బీబీసీ 'ది వార్ గేమ్స్'ని కుదించి, రంగులద్ది మళ్లీ ప్రసారం చేసింది. చివర్లో 1969లో లేని దృశ్యం ఒకటి చేర్చారు. ట్రౌటన్ మొహం కరిగి నేరుగా పెర్ట్‌వీ మొహం అవుతుంది. 6బికి మిగిలిన ఖాళీ ఇప్పుడు ఆ రంగుల కాపీని లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్నదాని మీదే ఆధారపడి ఉంది.