మెట్లు, మెట్లు, ఇంకా మెట్లు

పారిస్ మెట్రో 1900లో మొదలైందట. సంతోషం. అప్పటి మెట్లే ఇప్పటికీ ఎక్కాలా? పాత లైన్లలో లిఫ్టు దొరకడమే గగనం. 78 ఏళ్ల అమ్మమ్మ ఒక చేత్తో కమ్మీ, మరో చేత్తో మోకాలు పట్టుకుని ఎక్కుతోంది. వెనక నేను, చంకలో పాప, చేతిలో మడతపెట్టిన పిల్లల బండి. ఆ వెనక జనం నిట్టూర్పులు!

పైకి తేలామో లేదో తాతయ్యకు బాత్రూం. కెఫేలో కాఫీ కొంటేనే బాత్రూం తలుపు తెరుస్తారట. ఆ కాఫీ తాగితే మళ్లీ అవసరం పడదా?

ఇంతా చేసి లూవ్ర్ మ్యూజియం చేరితే, మంగళవారం సెలవు! ఆ సంగతి ముందే చూసుకోవద్దూ? ప్లాను వేసిన బావగారు మాత్రం “ముంగిట్లో గాజు పిరమిడ్ చూశాం కదా” అన్నారు. అమ్మమ్మ అటు చూస్తేగా! కూర్చోవడానికి గట్టు వెతుక్కుంటోంది.