అఫిలియేషన్ జోలికి వెళ్లని సంస్కరణ

యూనివర్సిటీలను నియంత్రించే యూజీసీ ఉంటుందా, పోతుందా అన్న చర్చ మళ్లీ మొదలైంది. ఉన్నత విద్య మొత్తానికీ గొడుగు సంస్థ ఒకటి కావాలని 2009లోనే యశ్‌పాల్ కమిటీ చెప్పింది. 2018లో కేంద్రం ఒక ముసాయిదా తెచ్చి అటకెక్కించింది. 2025 డిసెంబరులో అదే ఆలోచన ‘వికసిత్ భారత్ శిక్షా అధిష్ఠాన్’ బిల్లుగా లోక్‌సభకు వచ్చి, సంయుక్త పార్లమెంటరీ కమిటీకి వెళ్లింది. బిల్లు పాసైతే యూజీసీతో పాటు సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ, టీచర్ల శిక్షణను చూసే ఎన్‌సీటీఈ చట్టాలు రద్దయి వాటి చోట మూడు మండళ్లు వస్తాయి. రాష్ట్రాల హక్కులేం కావాలి, నిధుల తాళం ఎవరి చేతిలో ఉండాలి అన్న వాదనలు తెలిసినవే. అవి అవసరమే. కానీ ఢిల్లీలో బోర్డు మీద ఏ పేరు రాసినా, సిరిసిల్లలోనో పలాసలోనో డిగ్రీ చదివే అమ్మాయికి ఒరిగేదేమీ లేదు. ఆమె చదువును శాసించేది అఫిలియేషన్, అంటే కాలేజీ పాఠం చెబితే యూనివర్సిటీ పరీక్ష పెట్టి డిగ్రీ ఇచ్చే ఏర్పాటు.

కేంద్రం చేసిన 2021-22 ఉన్నత విద్యా సర్వే ప్రకారం దేశంలో 45,473 కాలేజీలున్నాయి. వీటిలో అత్యధికం ఏదో ఒక యూనివర్సిటీకి అనుబంధంగా నడిచేవే. ఈ ఏర్పాటులో పాఠం చెప్పే మేడమ్‌కు సిలబస్‌లో ఒక్క అక్షరం మార్చే హక్కు ఉండదు. పేపర్ సెట్ చేసినాయన ఆ క్లాసు ముఖం ఎన్నడూ చూడలేదు. స్పాట్ వాల్యుయేషన్‌లో కట్టలు కట్టలుగా దిద్దే లెక్చరర్‌కు ఆ జవాబు రాసిందెవరో తెలియదు. నేర్పినవారు, అడిగినవారు, మార్కులు వేసినవారు ముగ్గురూ ఒకరికొకరు తెలియరు. ఇక పిల్లలు చేసేదేముంది? పాత పేపర్లు తిరగేసి, ‘ఇంపార్టెంట్స్’ జిరాక్స్ తీయించుకుని, పరీక్షకు ముందు వారం రోజులు బట్టీ పడతారు. వాళ్లను తప్పుపట్టలేం.

1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలను లండన్ యూనివర్సిటీ నమూనాలో పెట్టారు. పాఠం కాలేజీది, పరీక్ష యూనివర్సిటీది. ఆ లండనే 1900లో బోధించే యూనివర్సిటీగా మారిపోయింది. కలకత్తా యూనివర్సిటీపై 1917లో వేసిన శాడ్లర్ కమిషన్ ఈ పద్ధతిని తప్పుబట్టింది. మనం మాత్రం స్వాతంత్ర్యం వచ్చాక కూడా జిల్లాకో యూనివర్సిటీ పెట్టి, చుట్టుపక్కల కాలేజీలను దానికి పంచిపెట్టడాన్నే విస్తరణ అనుకున్నాం.

ఎందుకు వదలం? డబ్బు. రాష్ట్ర ప్రభుత్వాలిచ్చే గ్రాంటు జీతాలకు, పెన్షన్లకే చాలదు. మిగతా బండి నడిచేది అఫిలియేషన్ ఫీజులు, పరీక్ష ఫీజులు, సప్లిమెంటరీ ఫీజుల మీద. ఏ కాలేజీలను అదుపులో పెట్టాలో వాటి డబ్బు మీదే యూనివర్సిటీ బతుకుతోంది. ఇక తనిఖీ ఎలా జరుగుతుందో ఇంజినీరింగ్ కాలేజీలో పనిచేసిన ఎవర్ని అడిగినా చెబుతారు. ఇన్‌స్పెక్షన్ టీమ్ వచ్చే రోజు రిజిస్టర్లలో సంతకాలు నిండుతాయి, ల్యాబులో కంప్యూటర్ల మీద దుమ్ము దులుపుతారు, ఏడాదంతా కనిపించని ప్రొఫెసర్ ఇస్త్రీ చొక్కాతో స్టాఫ్‌రూమ్‌లో ప్రత్యక్షమవుతారు. టీమ్ భోంచేసి వెళ్తుంది. ఆ పైస్థాయిలోనైనా గట్టిగా ఉన్నామా? 2025 ఫిబ్రవరిలో కాలేజీలకు, యూనివర్సిటీలకు గ్రేడ్లిచ్చే నాక్ తనిఖీ బృందం సభ్యులనే లంచం ఆరోపణలపై సీబీఐ అరెస్టు చేసింది.

కాలేజీలకే పరీక్షలు అప్పగిస్తే మార్కులు పంచిపెడతారు కదా అంటారు. నిజమే, కొన్నిచోట్ల ఇంటర్నల్స్‌లో ఇప్పటికే జరుగుతున్నది అదే. కానీ ఆ మార్కులు యూనివర్సిటీ ముద్ర చాటున చెల్లుబాటవుతున్నాయి. కాలేజీ తన సొంత పేరుతో డిగ్రీ ఇవ్వాల్సి వస్తే, ఆ పేరు రెండు మూడు బ్యాచ్‌లలోనే తేలిపోతుంది. కంపెనీలు ఇప్పటికే డిగ్రీని నమ్మడం మానేసి తమ టెస్టులు తామే పెట్టుకుంటున్నాయి కూడా.

అసలు మన రోగం అఫిలియేషన్‌తో మొదలూ కాలేదు, దాంతో ఆగదు. పంతులును నమ్మకపోవడమే ఈ దేశ విద్యా విధానం. ఇంటర్ మార్కులను నమ్మలేక ఎంసెట్ పెట్టుకున్నాం. బోర్డు పరీక్షలతో పని లేదని 2022లో కేంద్ర యూనివర్సిటీల డిగ్రీ సీట్లకు సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష తెచ్చాం. నీట్‌ను ఒకే సంస్థ చేతిలో పెడితే 2024లో పేపర్ లీకై సుప్రీంకోర్టు దాకా వెళ్లాం. ప్రతి అపనమ్మకానికీ మందు ఇంకో పరీక్షే. పరీక్షే సర్వస్వమైనప్పుడు పాఠం చెప్పే మనిషి ఖర్చు లెక్కలోకి వెళ్లిపోతాడు. ప్రొఫెసర్ పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్నా, గంటల లెక్కన పార్ట్‌టైమ్ వాళ్లతో క్లాసులు నెట్టుకొస్తున్నా ఏ ప్రభుత్వానికీ నొప్పి తెలియదు. సెమిస్టర్ పరీక్షలు టైముకు జరిగితే చాలు, యూనివర్సిటీ నడుస్తున్నట్టే లెక్క.

పదిహేనేళ్లలో అఫిలియేషన్‌ను దశలవారీగా తొలగిస్తామని 2020 జాతీయ విద్యా విధానంలో రాసుకున్నారు. అంటే గడువు 2035. మూడు మండళ్ల అధికారాల గురించి వాదించుకునే ముందు, సంయుక్త కమిటీ కేంద్రాన్నీ రాష్ట్రాలనూ ఈ లెక్క అడగాలి: ఏ ఏడాదికి ఎన్ని కాలేజీలను బయటికి పంపుతారు, వాటిలో రెగ్యులర్ అధ్యాపకులను ఎవరు నియమిస్తారు, యూనివర్సిటీలు కోల్పోయే ఫీజుల సొమ్మును ఏ ఖజానా నుంచి ఇస్తారు?