తీసిన పార్టు ఏది?

అనంతపురం నుంచి బెంగళూరు ఆసుపత్రులకు రోగులను తీసుకెళ్లే ఓ ట్యాక్సీ డ్రైవరు మొన్న మా కార్యాలయానికి ఒక బిల్లు పట్టుకొచ్చాడు. డీజిల్ బండి. ఎత్తు మీద పుల్లింగ్ లేదు, చెక్ ఇంజిన్ లైటు ఆరడం లేదు. సర్వీస్ సెంటర్లో స్కానర్ తగిలించి, ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో పోయిందన్నారు, మార్చారు. వాయిదాలు కట్టుకుంటూ నెట్టుకొచ్చే మనిషి అప్పు చేసి కట్టాడు. మూడో రోజు పెనుకొండ దాటకముందే లైటు మళ్లీ వెలిగింది. రోడ్డు పక్క షెడ్డులో మెకానిక్ బానెట్ ఎత్తి, ఇంజిన్ రేజ్ చేయించి, టర్బో గాలి ఇంజిన్‌కు వెళ్లే దారిలోని ఇంటర్‌కూలర్ గొట్టం కింద చెయ్యి పెట్టాడు. బుస్సుమని గాలి. గొట్టానికి వేలెడంత చీలిక! పాత టర్బో ఏదని వెళ్లి అడిగితే స్క్రాపులో పడేశామన్నారట.

గాలి ఒత్తిడి తగ్గిందని మాత్రమే స్కానర్ చెప్పింది. టర్బో పోయిందన్నది మనిషి మాట. స్కానర్ చూపే ఆ లోపం కోడ్ గొట్టం చీలినా వస్తుంది, వాక్యూమ్ పైపు ఊడినా వస్తుంది, సెన్సర్ తప్పు చూపినా వస్తుంది. ఇవేవీ చూడకుండా అన్నిటికన్నా ఖరీదైన పార్టు మీదే చెయ్యి ఎందుకు పడింది?

కొత్త బండ్లలో సెన్సర్లు ఎక్కువ, పొరపాట్లు జరుగుతాయని సర్వీస్ సెంటర్లు అంటాయి. వారంటీలో తీసిన పార్టు కంపెనీకి పోతుందన్నదీ నిజమే. కానీ పైసాతో సహా కస్టమరే కట్టినప్పుడు ఆ పాత పార్టు ఎవరి సొత్తు?

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం చెప్పాల్సిన సమాచారాన్ని కావాలని దాచడం సేవాలోపం. రెండేళ్లలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు. వెళ్లి ఏం చూపించాలి? వస్తువును ల్యాబ్‌కు పంపించే అధికారం కమిషన్‌కు ఉంది, పంపడానికి పార్టు ఉండాలి కదా. స్క్రాపులోకి పోయింది సాక్ష్యం. ఈ రోజు టర్బో, రేపు ఇంజెక్టర్లు, ఎల్లుండి ఏసీ కంప్రెసర్. అడిగేవాడు లేకపోతే పారేయడమే రివాజైపోతుంది.

మన ఊళ్లలో బోరు మోటారు కాలితే రివైండింగ్ షాపువాళ్లు కాలిన రాగితీగ తూకమేసి, దాని ధర బిల్లులో తగ్గిస్తారు. ఏసీ గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చే చోట ఆపాటి నిజాయితీ కరువైంది. ఏ పరీక్ష చేసి ఆ పార్టు మార్చారో, బండికి చేసిన పని రాసే జాబ్ కార్డులో రాయాలి. తీసిన పార్టుకు బండి నంబరు కట్టి యజమాని చేతిలో పెట్టాలి. దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు.

ఏటా డిసెంబర్ 24న వినియోగదారుల దినోత్సవ వేదికలెక్కే అధికారులు ఒక్క సర్వీస్ సెంటరుకైనా వెళ్లి జాబ్ కార్డులు తిరగేశారా? ముందు వెళ్లండి. వెనక స్క్రాపు గుట్ట దగ్గర నిలబడి, ఏ పార్టు ఏ బండిదో అడగండి.