సుగ్గికి పోయినాడు సార్

హాజరు తీసుకునేటప్పుడే గొంతు పట్టేస్తోంది. తొమ్మిదో తరగతిలో పేరు తర్వాత పేరు పిలుస్తుంటే వెనక బెంచీ నుంచి ఒకటే జవాబు: "సుగ్గికి పోయినాడు సార్." సుగ్గి అంటే కూలి పనికి వలస పోవడం. మా ఆదోని వైపు వానను నమ్ముకున్న చేలు. ఇక్కడ పని అయిపోతే ఇంటికి తాళమేసి, పిల్లల్ని వెంటబెట్టుకుని గుంటూరు మిరప కోతలకు పోతారు. పోకుంటే తినేదేముంది? వాళ్లనేమనను?

తిరిగొచ్చిన పిల్లోడు భాగహారం కూడా మర్చిపోయుంటాడు. అందరి ముందు సిగ్గు. ఆ సిగ్గే కోపమైతుంది. మొన్న ఒకడు పుస్తకం విసిరికొట్టినాడు. అరిచి బయట నిలబెట్టినాను. తర్వాత వాడి చేతులు చూస్తే, మిరప ఘాటుకు వేళ్ల చివర్ల తోలు లేచిపోయి ఉంది. ఆ రాత్రి నాకు ముద్ద దిగలేదు.

వాడి పక్కన కూర్చుని నేర్పడానికి టైమేది? యాప్‌లో హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు. 2024 దాకా మరుగుదొడ్ల ఫొటోలు కూడా. జనగణన, విపత్తు సాయం, ఎన్నికలు తప్ప చదువుకు సంబంధం లేని పనులు మాకు చెప్పకూడదని 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్‌లో రాసుంది. పదో తరగతి ఫలితాలు తగ్గితే మాత్రం సంజాయిషీ అడిగేది నన్నే.

పోయినేడు లెక్కల్లో ముందుండే అమ్మాయి ఒకతి సుగ్గికి పోయింది. వచ్చేసరికి మెడలో తాళి. పదిహేనేళ్లు. ఆ బిడ్డ నోటుబుక్కు ఇంకా నా బీరువాలోనే ఉంది, సగం దిద్ది.